బావగారి పట్టీల గాలం

ఆ ఇంట్లో న్యాయమంటే బావగారు, బావగారంటే న్యాయం. తూనికలు కొలతల శాఖలో ఉద్యోగకాలమంతా గడిపి, అంగళ్ళవాళ్ళు తక్కెడ పళ్ళెం కింద అంటించిన మైనం ముద్దలను గోటితో గీకి తీసిన మనిషి ఆయన. పదవీ విరమణ నాడు తోటివారు బహూకరించిన ఇత్తడి తక్కెడను ముందుగదిలో, వచ్చినవారికి మొట్టమొదట కనబడే చోట, గోడకు వేలాడదీశారు. ఏ మాటకైనా ముందు గొంతు సవరించుకొని, ఆ తక్కెడ వైపు ఒకసారి చూసి, "న్యాయం ముందు ఇంట్లో ఉండాలి, ఆ తర్వాతే వీధిలో" అనడం ఆయనకు అలవాటు. ఆ మాటను నమ్మినవారిలో చాలాకాలం పాటు చిన్నకోడలు కూడా ఒకతె.

చిన్నకోడలు ఆయన తమ్ముడి భార్య. మేడమీది గదిలో కుట్టుమిషను పెట్టుకొని నాటకశాల వారికి దుస్తులు కుడుతుంది. భర్తకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఊరందరి చూపూ సరిచేసే ఆ మహానుభావుడికి, అన్నగారి విషయం వచ్చేసరికి మాత్రం రెండు కళ్ళూ వాటంతటవే మూసుకుపోతాయి.

ప్రతి ఆదివారం ఆ కుటుంబం, అత్తగారితో సహా, ఊరి చివరి మంచినీటి చెరువుకు చేపలు పట్టడానికి వెళ్ళేది. దానికి రెండు కట్టుబాట్లు. రెండూ బావగారు పెట్టినవే. అందరికన్నా తక్కువ చేపలు పట్టినవారు ఆ సాయంత్రం అందరి చేపలూ శుభ్రం చెయ్యాలి. గాలం కర్రలు ఎంచుకునేటప్పుడు చిన్నవాళ్ళది మొదటి వంతు, పెద్దాయనది చివరి వంతు. వినడానికి ఇంతకన్నా ధర్మమైన ఏర్పాటు ఎక్కడా కనబడదు.

కర్రలు నాలుగు. ఎర్రది, నీలందీ, ఆకుపచ్చదీ బొటనవేలంత లావున, నూనె రాసుకున్న వస్తాదుల్లా నిగనిగలాడుతూ ఉండేవి. నాలుగవది సన్నని పుల్ల. పిడి నుంచి నడుము దాకా నల్ల టేపు పట్టీలు, వాటిపైన అక్కడక్కడా పురికొస చుట్లు. ఆస్పత్రిలో మంచం ఖాళీ లేక ఇంటికి పంపేసిన రోగిలా ఉండేది.

"చిన్నదానివి, ముందు నువ్వే తీసుకోవాలి. ఆ ఎర్రది తీసుకో అమ్మాయ్, రాజాలాంటి కర్ర" అనేవారు బావగారు. తక్కిన రెండూ తమ్ముడికీ, తన భార్యకూ పంచాక, పట్టీల కర్రను రెండు చేతులా అందుకొని, "నాకేముందిలే, పెద్దవాణ్ణి. దీంతో సరిపెట్టుకుంటాను" అని నిట్టూర్చేవారు.

"చూశావా అన్నయ్య త్యాగం!" అంటూ కళ్ళజోడాయన, అంటే ఆ తమ్ముడు, కళ్ళు తుడుచుకునేవాడు.

ఆ రాజాలాంటి కర్రను ఎత్తి పట్టుకోవడానికే చిన్నకోడలి భుజాలు పడిపోయేవి. పక్కన బావగారి పట్టీల గాలానికి మాత్రం చేప మీద చేప పడేది. ఆమె ఆశ్చర్యపోయి చూస్తే ఆయన గొంతు సవరించుకొని, "నైపుణ్యం అమ్మాయ్, నైపుణ్యం. కర్రదేముంది!" అనేవారు.

కాబట్టి ఆదివారం సాయంత్రమల్లా పెరట్లో, కుళాయి పక్కనున్న చెక్కపీట ఆమెదే. పొలుసులు గీకడం, రెక్కల ముళ్ళు వేళ్ళలో గుచ్చుకోవడం, ఎదురుగా పెరటి పిల్లి భక్తితో కూర్చోవడం. సోమవారం పొద్దుటికి ఆ పిల్లి మేడమెట్లెక్కి కుట్టుగది గుమ్మం ముందు కాపలా కాసేది. సబ్బు పెట్టినా, నిమ్మచెక్క రుద్దినా, చేతివాసన దాన్ని మోసగించలేకపోయేది. గరుకుబారిన వేళ్ళకు పట్టు పోగులు తగులుకొని లేచివచ్చేవి.

పిల్లిని ఓర్చుకోవచ్చు. నాటకశాల నడిపే ఆవిడను ఓర్చుకోవడం వేరు. ఒక సోమవారం ఆవిడ నీలం పట్టు తానుతో మేడెక్కి, గుమ్మంలోనే ఆగి, ముక్కు ఎగబీల్చింది.

"ఏమ్మా, రాణిగారి గౌనుకు చేపల వాసనేంటి? పోయిన ఆటలో రాణి ప్రాణం వదిలే చోట సేనాపతి ముక్కు మూసుకున్నాడు. జనం ఒకటే నవ్వు! ఏడవాల్సిన చోట నవ్వితే నా నాటకం ఏం కావాలి?"

"పొరపాటైందండీ. మళ్ళీ రానివ్వను."

"రానివ్వకు. నీ చెయ్యి మంచిదని ఇన్నాళ్ళూ ఓర్చుకున్నా. కొత్త నాటకం బట్టలన్నీ నీకే ఇద్దామనుకుంటున్నా. ఈ పట్టు నీ దగ్గరే ఉంచు. వచ్చే సోమవారం వచ్చి నీ చేతులు వాసన చూసి మరీ కొలతలిస్తా. అప్పుడూ చేపలే అయితే, దారిలో ఇంకో కుట్టుగది ఉంది."

చిన్నకోడలు ఆ సాయంత్రమే కిందికి దిగి, వచ్చే ఆదివారం తాను చెరువుకు రానని మర్యాదగా చెప్పింది. బావగారు తక్కెడ వైపు చూశారు.

"రాకపోతే మానెయ్యి అమ్మాయ్, బలవంతం లేదు. కానీ రానివాళ్ళు సున్నా పట్టినట్టే లెక్క. మరి సున్నాకన్నా తక్కువ ఎవరు పడతారు? పీట నీదే."

పక్కనే ఉన్న భర్త తల ఊపాడు. "లెక్క లెక్కే కదా" అన్నాడు.

ఇక మిగిలింది ఒక్కటే మార్గం. తన చేతికి తగిన గాలం కర్రను తానే ఎంచుకోవాలి.

గాలాల దుకాణం బజారు వెనక సందులో ఉంది. కర్రలన్నీ రేకు డబ్బాల్లో గుత్తులుగా నిలబడి ఉన్నాయి. గోడ నిండా కొక్కేల పొట్లాలు, రంగు బెండ్లు. గల్లాపెట్టె కింద తడిమట్టి డబ్బాలో వానపాములు. దుకాణం యజమానురాలు కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకొని, దారం కొసను పళ్ళ మధ్య పట్టి ముడి వేస్తోంది.

"ఏ చేపకమ్మా?" అంది తల ఎత్తకుండానే.

"గాలానికి పడే చేపకు."

"చెప్పులు కొనడానికొచ్చి కాళ్ళకు అన్నట్టుంది! ఏ నీళ్ళు? పారే నీళ్ళా, నిలవ నీళ్ళా? చేప ఎంతుంటుంది?"

"చెరువండీ. అరచెయ్యంత చేపలు. గట్టున నిలబడి పడతాం." చిన్నకోడలు ఇంట్లో తాను పట్టుకునే ఎర్రకర్రను వర్ణించి చెప్పింది, ఎంత లావో, ఎంత బరువో, చేప కొరికినా ఎలా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుందో.

యజమానురాలు పళ్ళలోంచి దారం వదిలేసి పకపకా నవ్వింది. "అది సముద్రపు కర్రమ్మా! మోపెడు బరువుండే చేపల కోసం చేసింది. అరచెయ్యంత చేప దాన్ని కొరికితే నీకు కబురెలా అందుతుంది? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమంటే ఇదే. చేప వచ్చి, ఎర తిని, మూతి తుడుచుకొని పోతుంది."

ఆమె ఒక కర్ర తీసి, దాని దారం కొసను బల్లసొరుగు పిడికి ముడివేసి, చిన్నకోడలి చేతికిచ్చింది. "ఎత్తు. అంత బిగించి పట్టకు, అది పారిపోదు. ఎక్కడ వంగుతోందో చూడు."

"పిడి దాకా వంగుతోందండీ."

"మరీ మెత్తన. చేప తెలుస్తుంది గానీ బయటికి రాదు. ఇది చూడు."

"అసలు వంగడం లేదు."

"ఇది మీ ఎర్రదానికి చెల్లెలు. పక్కన పెట్టు. ఇప్పుడిది. కళ్ళు మూసుకో."

మూడవది బూడిదరంగు సన్నకర్ర. చేతిలో ఉన్నదో లేదో తెలియనంత తేలిక. యజమానురాలు బిగిసిన దారాన్ని గోటి చివరతో మెల్లగా మీటింది. మందపాటి గుడ్డలోంచి సూదిమొన అవతలికి దిగినప్పుడు వేలికి తెలిసినట్టు, చిన్నకోడలి అరచేతిలో చురుక్కుమంది. కళ్ళు తెరిచి చూస్తే కర్ర కొన మాత్రమే వంగి ఉంది; నడుము నిటారుగా ఉంది.

"ఇదే!" అంది.

"ఇదేలే. కానీ ఇది ఎవరి కంటికీ ఆనదు, జనానికి మెరుపు కావాలి. కొన్నేళ్ళ కిందట ఒకాయన మాత్రం అన్నీ పట్టి పట్టి చూసి దీన్నే ఏరుకున్నాడు. పనితనం తెలిసిన మనిషే. అయితే ఏం చేశాడో తెలుసా? కొత్తకర్రకు టేపు చుట్టమన్నాడు! విరిగినవాటికి బోలెడు కట్లు కట్టాను. నిక్షేపంగా ఉన్నదానికి కట్టు కట్టమన్నది ఆయనొక్కడే. ఎందుకండీ అంటే, గొంతు సవరించుకొని, 'దిష్టి తగలకుండా' అన్నాడు."

చిన్నకోడలి చేతిలో కర్ర కొన వణికింది. ఈసారి దారాన్ని ఎవరూ మీటలేదు.

"మాటకు ముందు గొంతు సవరించుకున్నాడా?"

"ప్రతి మాటకూ. ఇంకో మూడు లావు కర్రలు కూడా తీసుకున్నాడు. ఇంట్లోవాళ్ళకట, మెరిసేవి కావాలట. ఎరుపూ, నీలం, ఆకుపచ్చా. అవి సముద్రానివండీ, చెరువుకు పనికిరావని మొహమాటం లేకుండా చెప్పేశా. ఏమన్నాడనుకున్నావ్? 'తెలుసు' అన్నాడు."

చిన్నకోడలికి మొదట కోపం వచ్చింది. కోపం అక్కడ ఎక్కువసేపు నిలవలేదు. దాని వెనకనే మరేదో తోసుకొచ్చి, పెదవుల చివర కూర్చుంది. ఇంటికి వెళ్ళి కేకలు వేస్తే బావగారు తక్కెడ వైపు చూసి అపనింద అంటారు. భర్త కన్నీళ్ళు పెట్టుకుంటాడు. కొత్తకర్ర కొనుక్కుపోతే, ఇంటి వస్తువు అందరిదీ అని తీర్పు చెప్పి దాన్నీ తమ త్యాగంలో కలుపుకుంటారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొంగ తనను తానే పట్టుకుంటే తప్ప.

"ఈ కర్ర కట్టి ఇవ్వమంటావా?" అంది యజమానురాలు.

"కర్ర వద్దండీ. ఆ నల్ల టేపు ఇవ్వండి."

"ఏమైనా విరిగిందా?"

"ఇంకా లేదండీ."

బావగారు సాయంత్రపు నడకకు వెళ్ళగానే చిన్నకోడలు తోడికోడలిని వంటింట్లో పట్టుకొని సంగతంతా చెప్పింది. పెద్దకోడలు కత్తిపీట పక్కకు జరిపి, గోడకు ఆనుకొని, ఏదో గట్టిగా ఆలోచించింది.

"చెల్లీ, చిరిగిన గలీబు దిండు కూడా ఎప్పుడూ ఆయనే తీసుకుంటారు. 'మంచిది నువ్వు తీసుకో' అంటారు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దకోడలు గబగబా పడకగదిలోకి వెళ్ళి, తిరిగివచ్చేటప్పటికి నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకొని నిలబడింది.

"వెన్నముద్దే! ఇన్నేళ్ళూ నేను పడుకున్నది ఇటుకరాయి మీద! కర్రలు పెట్టే మెట్లకింది అర తాళంచెవి కావాలన్నావు కదూ? ఇదిగో. ఇంకేం కావాలో చెప్పు."

కావలసినది న్యాయం. చిన్నకోడలు దాన్ని తనకు తెలిసిన పద్ధతిలోనే కుట్టింది. నాటకశాల పాత తెరగుడ్డతో నాలుగు కర్రలకూ నాలుగు పొడవాటి ఒరలు కుట్టి, లోపల దూది కూరి, పక్కన వెదురుబద్ద పెట్టి, అన్నిటినీ ఒకే లావుకూ ఒకే పొడవుకూ తెచ్చింది. లోపలి పిడులన్నిటికీ ఒకే నల్ల టేపు చుట్టింది, తడిమినా తేడా తెలియకుండా. బరువు మిగిలింది. పెద్దకోడలు ముందుగదిలోకి వెళ్ళి ఇత్తడి తక్కెడను గోడ మీది నుంచి దించింది. పళ్ళేలు విప్పి, అటొక ఒర ఇటొక ఒర వేలాడదీసి, తేలికగా ఉన్నదాని అడుగు సంచిలో చెంచాతో ఇసుక పోస్తూ, ముల్లు నిటారుగా నిలిచేదాకా తూచారు. ఆ ఇంటికి వచ్చిన తర్వాత ఆ తక్కెడ పనిచేయడం అదే మొదటిసారి.

అంతటితో చిన్నకోడలి మనసు ఒప్పుకోలేదు. ఏది ఎందులో ఉందో తనకు తెలిసి ఉంటే, తానూ బావగారూ ఒక తానులో గుడ్డలే అవుతారు. అందుకని ఒరలను అత్తగారి ముందు పరిచింది.

"మేమిద్దరం అటు తిరుగుతాం అత్తయ్యా. మీరు వీటిని కలిపెయ్యండి."

"పెద్దోడి కోసమేనా?" అంది అత్తగారు.

"అందరి కోసమండీ."

"అందరి కోసం అంటే పెద్దోడి కోసమే" అని ఆవిడ చీట్లపేక కలిపిన నేర్పుతో వాటిని కలిపేసింది.

ఆదివారం చెరువుగట్టున ఎండ ఇంకా మెత్తగానే ఉంది. అత్తగారు మడతకుర్చీలో కూర్చుంది. చేపల లెక్క ఎప్పుడూ ఆవిడదే. ఎదురుగా సిమెంటు చప్టా మీద ఒకే రంగు, ఒకే రూపం గల నాలుగు ఒరలు వరసగా ఉన్నాయి.

బావగారు గొంతు సవరించుకున్నారు. "ఏంటివి?"

"ఒరలు బావగారూ. కర్రల రంగు పాడవకుండా కుట్టాను."

"బాగుంది, బాగుంది. మరి... నాదేదీ?"

"ఇన్నేళ్ళూ చివరి వంతు తీసుకొని త్యాగం చేశారు. ఇవాళ మీరే ముందు ఎంచుకోవాలి. ముడి విప్పాక మార్చుకోవడం మాత్రం లేదు. అత్తయ్య మాట."

"తియ్యరా పెద్దోడా, ఎండెక్కుతోంది" అంది అత్తగారు.

ఆయన మొదటి ఒరను నొక్కారు. దూది. రెండవదాని పిడి తడిమారు. పట్టీలు! ముఖం వెలిగింది. మూడవదాని పిడి తడిమారు. పట్టీలే. ముఖం ఆరింది. ఒక్కొక్కదాన్ని ఎత్తి, ఉద్యోగకాలమంతా బరువులు తూచిన ఆ చేతుల్లో ఊపి చూశారు. ఆ చేతులు ఏమీ చెప్పలేదు. పుచ్చకాయ బేరమాడేవాడిలా వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకొని విన్నారు. చివరికి ఒకదాన్ని వాసన కూడా చూశారు.

"ఏం వెతుకుతున్నావన్నయ్యా?" అన్నాడు తమ్ముడు.

"నా పాతకర్రరా. అలవాటైనది."

"అదేంటి బావగారూ!" అంది చిన్నకోడలు, ఎంతో నొచ్చుకున్నట్టు. "అన్నిట్లోకీ పాడైనది కదా మీది! దాన్ని వెతుక్కోవడమెందుకు? కళ్ళు మూసుకొని చేతికి తగిలింది తీసుకోండి. ఏదొచ్చినా మీకు లాభమే."

కళ్ళజోడాయన తన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, తిరిగి పెట్టుకొని, అన్నగారిని కొత్తగా చూశాడు. "అవునన్నయ్యా. దానికోసం ఇంత వెతుకులాట దేనికి?"

బావగారి పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుక మాదిరి అయింది. ఇంకా తడిమితే తన త్యాగమే తనను పట్టిస్తుంది. తడమకపోతే ఏది వస్తుందో తెలియదు. ఆయన ఒక ఒరను విసురుగా లాక్కొని ముడి విప్పారు. రాజాలాంటి ఎర్రకర్ర బయటికి వచ్చింది. ఆయన ముఖం కూడా మెల్లగా ఆ రంగుకే తిరిగింది.

తమ్ముడికి ఆకుపచ్చది వచ్చింది, చిన్నకోడలికి నీలంది. పెద్దకోడలు తన ఒర విప్పి బుగ్గ నొక్కుకుంది. "అయ్యో, పట్టీలది నాకొచ్చిందే! పోనీలెండి, ఈ వారం త్యాగం నాది."

ఆ త్యాగానికి ఫలితం వెంటనే కనబడింది. పెద్దకోడలు ఒక చేపను బుట్టలో వేసి మూత పెట్టేలోగా ఇంకొకటి పడుతోంది. కళ్ళజోడాయనకు, ఆయన అటువైపు చూడని సమయంలో, ఒక చేప పొరపాటున తగులుకుంది. మిగిలినవారు ఇద్దరు, ఇద్దరి బుట్టలూ ఖాళీ. బావగారు ఎర్రకర్రను కాసేపు కుడిచేత్తో, కాసేపు ఎడమచేత్తో, కాసేపు పొట్టకు ఆనించి పట్టుకొని చెమటలు కక్కుతున్నారు.

"నైపుణ్యం బావగారూ, నైపుణ్యం. కర్రదేముంది!" అంది చిన్నకోడలు.

పైకి అన్నదే గాని ఆమె మాటిమాటికీ తన ఖాళీ బుట్ట వైపు చూస్తోంది. ఎండ వాలుతోంది. ఇద్దరివీ సున్నాలే అయితే పీట ఇద్దరిదీ అవుతుంది. రేపు పొద్దున నాటకశాల ఆవిడ మేడెక్కుతుంది. నీలం పట్టు బీరువాలో ఉంది. చేతిలోని నీలం కర్ర ఎంత లావుదంటే, దాని చివర తిమింగలం వచ్చి వేలాడినా పిడికి కబురందదు. కర్ర చెప్పకపోతే దారాన్నే అడగాలి కదా అనుకుంది. కర్రను చప్టా అంచుకు ఆనించి, మిషను మీద దారం బిగువు చూసే అలవాటుతో, చూపుడువేలి కొసను గాలం దారం మీద ఆనించింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, గుడ్డలోంచి సూదిమొన దిగినట్టు, చురుక్కుమంది.

ఎత్తేసింది. వేలెడంత చేప ఒకటి గాల్లో తళుక్కున మెరిసి చప్టా మీద పడింది.

"అది చేపేనా?" అని బావగారు అరిచారు. "నలుసు! లెక్కలోకి రాదు!"

"మొప్పలున్నాయి, తోకుంది, ఎగురుతోంది" అంది అత్తగారు కుర్చీలోంచి. "నీ బుట్టలో ఎగిరేదేమైనా ఉంటే చెప్పు, అది కూడా వేస్తా లెక్కలో. లేదా? అయితే పీట నీదే. లెయ్యండి, పోదాం."

బావగారు ఎర్రకర్రను చప్టా మీద దభేలుమని పడేశారు. "ఇదేం న్యాయమమ్మా! ఈ దుడ్డుకర్రతో చేపలు పట్టడం ఎవడి తరం? ఇది సముద్రానికి చేసింది! చెరువుచేప కొరికితే దీనికి తెలిసి చస్తుందా? పొద్దున్నుంచీ దీన్ని మోసి మోసి నా భుజాలు..."

ఆయన అక్కడ ఆగిపోయారు. కానీ మాటలు ఆయన్ని దాటి అందరినీ చేరిపోయాయి.

"అది సముద్రపు కర్రని మీకు తెలుసా బావగారూ?" అని చిన్నకోడలు మెత్తగా అడిగింది.

ఆయన గొంతు సవరించుకున్నారు. మరొకసారి సవరించుకున్నారు. అలవాటుగా చూడటానికి ఆ చెరువుగట్టున తక్కెడ కూడా లేదు. పెద్దకోడలు ఈలోగా పట్టీల కర్ర టేపు కొసను గోటితో పట్టుకొని, కొంచెం కొంచెంగా విప్పుతోంది. లోపలి నుంచి గీత కూడా పడని బూడిదరంగు కర్ర బయటపడుతోంది. కళ్ళజోడాయన దాన్నీ, చప్టా మీది ఎర్రకర్రనూ, తన భార్య చేతివేళ్ళనూ వరసగా చూశాడు. ఆమె వేళ్ళ మీద గీతలు అంతకుముందు లేనివి కావు. ఆయన ఆ రోజే చూశాడు.

"అన్నయ్యా, చేపలబుట్ట నువ్వే మొయ్యి" అన్నాడు.

ఆ సాయంత్రం పెరట్లో కుళాయి పక్కన పీట మీద బావగారు కూర్చున్నారు. చిన్నకోడలు చాలా దూరంలో, గాలి అటునుంచి రాని వైపున, కుర్చీ వేసుకొని, రెండు చేతులూ కొంగులో చుట్టుకొని కూర్చుంది.

"తోక నుంచి తల వైపుకు గీకాలి బావగారూ. అలా కాదు, మీసాల్లో పడుతున్నాయి పొలుసులు."

"తెలుసు!" అన్నారాయన.

"మీకు అన్నీ తెలుసని నాకూ తెలిసిందిలెండి" అంది చిన్నకోడలు. మేడ కిటికీలోంచి పెద్దకోడలి నవ్వు వినబడింది. ఆ రాత్రికి చిరిగిన గలీబు దిండు తనదేనని ఆవిడ అప్పటికే ప్రకటించింది.

సోమవారం పొద్దున్నే నాటకశాల ఆవిడ మేడెక్కి వచ్చింది. గుమ్మంలో ఆగి ముక్కు ఎగబీల్చింది. లోపలికి వచ్చి చిన్నకోడలి చేతులు పట్టుకొని, తిప్పి తిప్పి, వాసన చూసింది.

"సబ్బు" అంది, కొంచెం నిరాశగానే. "సరే, కొలతలు రాసుకో. రాణితో మొదలుపెడదాం. అన్నట్టు, నీ గుమ్మం ముందు ఎప్పుడూ ఒక పిల్లి ఉండేదే, ఏమైంది?"

చిన్నకోడలు కొలతల టేపు మెడలో వేసుకొని కిటికీలోంచి కిందికి చూసింది. బావగారు చేతికర్ర పట్టుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని, ఠీవిగా పొద్దుటి నడకకు బయలుదేరుతున్నారు. వీధి మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగి, "ఛీ, పో!" అన్నారు. పిల్లి కూడా ఆగింది. ఆయన కదిలారు. తోక నిటారుగా ఎత్తి, ఎంతో భక్తితో, అదీ కదిలింది.